దండనీతి – వివేకము, నియమము

నేరము చేసినవానిని శిక్షింపవలెనా యను ప్రశ్నకు సమాధానము చెప్పుట ఏ దేశమునందును, ఏ కాలమునందును కష్టము కాలేదు. శిక్షింపవలసినదే యని అందరును చెప్పిరి. కష్టమంతయు దాని తరువాతి ప్రశ్నలో కలదు. ఎంత శిక్షింపవలెను? ఆ కొలతను ముందుగానే శాసనములో వ్రాసి యుంచవలెనా? లేక ఎదుట నిలిచిన మనుష్యుని చూచి న్యాయాధిపతియే నిర్ణయింపవలెనా? ఈ ప్రశ్న పండితుల వాదమునకు మాత్రమే చెందినది కాదు. దీని మీద మనుష్యుల ప్రాణములు ఆధారపడి యున్నవి.

1975వ సంవత్సరమున ఉత్తరప్రదేశ్ రాష్ట్రమునందలి ఒక న్యాయస్థానము, ఒకే కుటుంబమునకు చెందిన నలుగురిని చంపిన కేసులో ముగ్గురికి ఉరిశిక్ష విధించెను. ఆ నేరమున ముగ్గురి పాత్రయు సమానమే. హైకోర్టు మూడు శిక్షలను ఖాయము చేసెను. పిమ్మట ముగ్గురును వేరువేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించిరి. వారి విజ్ఞప్తులు వేరువేరు ధర్మాసనముల యెదుటికి పోయెను. మొదటివాని విజ్ఞప్తి 1976లో త్రోసివేయబడెను. రెండవవాని శిక్షను 1977లో మరియొక ధర్మాసనము యావజ్జీవ కారాగారముగా తగ్గించెను. మూడవవాని విజ్ఞప్తి 1978లో త్రోసివేయబడెను. 1981 అక్టోబరు 6వ తేదీన మొదటివానిని ఉరితీసిరి. అదే దినమున ఉరికంబ మెక్కవలసిన మూడవవాడు, అంతకుముందు వేసికొన్న పిటిషను మీద కోర్టు ఇచ్చిన నిలుపుదల వలన మిగిలెను.

1982 ఫిబ్రవరిలో ఆ పిటిషను మీద తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ఈ విషమస్థితిని గుర్తించి, మూడవవాని శిక్షను తగ్గింపవలసినదిగా రాష్ట్రపతికి సిఫారసు చేసెను. ఇకమీదట ఎవరినైనను ఉరితీయుటకు ముందు, అతనితో కూడ శిక్షపడినవారిలో ఎవరి శిక్షయైనను తగ్గింపబడినదా యని జైలు అధికారి స్వయముగా విచారించి తెలిసికొనవలెనని ఆదేశించెను. నియమము పుట్టినది. కాని అది పుట్టుటకు ముందే ఒకని ప్రాణము పోయినది. ఒకే నేరము, ఒకే పాత్ర, ఒకే ధర్మశాసనము. ఐనను ఒకడు చచ్చెను, ఒకడు బ్రతికెను. ఈ భేదమునకు కారణ మేమని అడిగినచో, వారి కాగితములు వేరువేరు దినములలో వేరువేరు బల్లల మీదికి పోయినవి యని తప్ప వేరు సమాధానము లేదు.

శాస్త్రదృష్టి

మన ధర్మశాస్త్రకారులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. దండమును విధించు రాజు చూడవలసిన విషయములను మనువు స్పష్టముగా పేర్కొనినాడు. నేరము వెనుక నున్న ఉద్దేశమును, అది మరల మరల చేయబడినదా యను విషయమును, దేశమును, కాలమును, నేరస్థుని శక్తిని, నేరముయొక్క గురులాఘవములను యథార్థముగా తెలిసికొనిన పిమ్మటనే దండము విధింపవలెను. యాజ్ఞవల్క్యుడు ఈ పట్టికకు వయస్సును, చేయు వృత్తిని, ధనస్థితిని కూడ చేర్చినాడు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరావ్యాఖ్య మన దేశమునందు ఎంతటి ప్రమాణమో అందరును ఎరుగుదురు. తిక్కన సోమయాజి కాలమునకు చెందిన కేతన దానిని 13వ శతాబ్దమునందే విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. దండ విషయమున దేశకాలపాత్రములను చూడవలెనను బుద్ధి తెలుగువారికి క్రొత్తది కాదు.

దండమునకు క్రమమును కూడ మనువు చెప్పినాడు. మొదట మాటతో మందలింపు. అది చాలనిచో ధిక్కారము. అదియు చాలనిచో ధనదండము. చివరకు మాత్రమే శరీరదండము. పై మెట్టునకు పోవుటకు ముందు క్రింది మెట్టు చాలదని తేలవలెను. ఈ క్రమము నేటి చట్టములలోనికి వేరొక దారిన వచ్చి చేరినది. 1958 నాటి ప్రొబేషన్ చట్టము ప్రకారము, చిన్న నేరము చేసి మొదటిసారి పట్టుబడినవానిని కోర్టు కేవలము మందలించి విడిచిపెట్టవచ్చును. ఇరువది యొక్క సంవత్సరములు నిండనివానిని, ఆ చట్టము వర్తించు నేరములలో, కారాగారమునకు పంపదలచినచో అందుకు కారణములు వ్రాయవలెను. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత ప్రకారము, ఐదువేల రూపాయలకు లోబడిన విలువగల వస్తువును దొంగిలించి మొదటిసారి శిక్షపడినవాడు ఆ వస్తువునో దాని విలువనో తిరిగి ఇచ్చినచో, అతనికి విధింపవలసిన శిక్ష సమాజసేవయే.

కౌటిల్యుడు ఇంకను ఒక అడుగు ముందుకు వేసెను. సాహసదండములు మూడు తెగలని మనువు చెప్పి, వానిని 250, 500, 1000 పణములుగా నిర్ణయించినాడు. అవి స్థిరమైన అంకెలు. కౌటిల్యుడైతే మొదటి సాహసమునకు 48 నుండి 96 పణములనియు, మధ్యమమునకు 200 నుండి 500 పణములనియు, ఉత్తమమునకు 500 నుండి 1000 పణములనియు క్రింది హద్దును పై హద్దును వేరువేరుగా చెప్పెను. ఆ హద్దుల నడుమ ఎచ్చట నిలువవలెనో అధికారి మనుష్యుని, నేరమును, కారణమును, దేశకాలములను చూచి నిర్ణయించును. హద్దులు శాస్త్రమువి, వాని నడుమ వివేకము అధికారిది. కఠినముగా దండించువానిని ప్రజలు భయముతో తొలగిపోదురనియు, మెత్తగా దండించువానిని తేలికగా చూతురనియు, తగినట్లు దండించువానినే గౌరవింతురనియు ఆయన హెచ్చరించెను. అంతటితో ఆగక, దండింపదగనివానిని దండించిన రాజు తాను ఆ దండమునకు ముప్పది రెట్లు వరుణునికి నీటిలో సమర్పింపవలెనని విధించెను. తప్పుగా తూచినవానికి కూడ తూకము తప్పదని దీని భావము.

ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. స్మృతులు పరుషవాక్యము, కొట్లాట మొదలగు నేరములలో వర్ణమును బట్టి దండమును హెచ్చించుటయు తగ్గించుటయు కలదు. దొంగతనములో మాత్రము ఎరిగినవానికి ఎక్కువ దండమనియు, సామాన్యునికి ఒక కార్షాపణము పడుచోట రాజునకు వేయి పడవలెననియు అవే స్మృతులు చెప్పినవి. చట్టము ముందు అందరును సమానులని మన రాజ్యాంగము 14వ అధికరణము చెప్పిన పిమ్మట మొదటి భేదమునకు నేడు తావు లేదు. కాని ఎరిగినవాడు చేసిన తప్పు బరువైనదను రెండవ భావము నేటికిని నిలిచియే యున్నది. పాత్రను చూచుట యనగా కులమును చూచుట కాదు. వాని తెలివిని, అవకాశమును, బాధ్యతను చూచుట.

మాండవ్యుని ప్రశ్న

దండము కొలత తప్పినచో ఏమగునో మహాభారతము ఆదిపర్వమునందలి మాండవ్యుని కథ చెప్పుచున్నది. ఆ ముని మౌనవ్రతములో నుండగా దొంగలు సొత్తును తెచ్చి ఆయన ఆశ్రమములో దాచిరి. రాజభటులు అడిగినను ఆయన మాటాడలేదు. ఆ మౌనమునే అపరాధమునకు సాక్ష్యముగా గ్రహించి ఆయనను శూలమున ఎక్కించిరి. తరువాత రాజు తన పొరపాటును తెలిసికొని కాళ్ళమీద పడెను. కాని శూలము శరీరమునుండి రాలేదు. దానిని కోసివేయవలసి వచ్చెను. లోపల మిగిలిన ములుకుతోనే ఆయన అణిమాండవ్యుడై తిరిగెను. క్షమాపణ చెప్పుట రాజునకు సాధ్యమైనది గాని, చేసిన దండమును వెనుకకు తీసికొనుట సాధ్యము కాలేదు.

కథ అచ్చటితో ఆగలేదు. మాండవ్యుడు ధర్ముని సభకు పోయి, తాను చేసిన పాపమేమని ప్రశ్నించెను. బాల్యమున పురుగులను పుల్లతో గ్రుచ్చితివని ధర్ముడు చెప్పెను. ఇంత చిన్న తప్పునకు, అందునను తెలియని వయస్సులో చేసినదానికి, ఇంతటి దండమా యని ముని కోపించెను. ధర్ముడు మనుష్యుడై పుట్టవలెనని శపించెను. ఆ శాపము వలననే ధర్ముడు విదురుడై జన్మించెను. పదునాలుగు సంవత్సరముల వరకు చేసిన పని పాతకము కాదని ముని ఆనాడు ఒక మర్యాదను స్థాపించెను. ధర్మదేవతయే కొలత తప్పినచో ఆయనకును దండము తప్పలేదు. ఒక బాధితుని వేదననుండి లోకమునకంతకును ఒక నియమము పుట్టినది. 1982లో సుప్రీంకోర్టు జైలు అధికారులకు ఇచ్చిన ఆదేశము కూడ ఈ తీరుననే పుట్టినది.

రెండు పూర్వపక్షములు

ఈ విషయమున రెండు పక్షములు కలవు. రెండును బలమైనవే.

మొదటి పక్షమువారు ఇట్లందురు: నేరములు ఏ రెండును ఒకే తీరుగ నుండవు. ఆకలికి దొంగిలించినవాడును, విలాసమునకు దొంగిలించినవాడును చట్టములో ఒకే మాటకు లోబడుదురు, ధర్మములో లోబడరు. కావున శాసనము పై హద్దును మాత్రము చెప్పి, తక్కినది న్యాయాధిపతికి విడువవలెను. వైద్యుడు రోగి బలమును, వయస్సును, కాలమును చూచి మందు మోతాదు నిర్ణయించునట్లే న్యాయాధిపతియు చేయవలెను. 1972లో సుప్రీంకోర్టు ఈ మార్గమునే సమర్థించెను. శిక్షలకు ముందుగా కొలబద్దలు ఏర్పరచుట సాధ్యము కాదనియు, న్యాయాధిపతి వివేకమును పైకోర్టులు సరిదిద్దగలవనియు చెప్పెను.

రెండవ పక్షమువారు ఇట్లందురు: వివేకమను మంచి పేరు క్రింద ఏమేమి దాగునో ఎవరు చూచిరి? ఒక జడ్జి స్వభావము మెత్తనిది, మరియొకనిది కఠినము. మంచి వకీలును పెట్టుకొనగల ధనవంతుడు తన కష్టములను చక్కగా చెప్పించుకొనును. పేదవాని కష్టములు కాగితము మీదికే రావు. కావున ఏ నేరమునకు ఎంత శిక్షయో లెక్క కట్టి యుంచవలెను. అమెరికా దేశమున మార్విన్ ఫ్రాంకెల్ అను న్యాయాధిపతి 1973లో ఈ అరాజకమును ఎత్తిచూపుచు గ్రంథము వ్రాసెను. న్యాయాధిపతి ఐన తనకు గల అధికారమునకు హద్దు లేకపోవుటను తానే తప్పు పట్టుట సామాన్యమైన విషయము కాదు. 1984లో అచ్చటి శాసనసభ ఒక సంఘమును ఏర్పరచెను. 1987 నవంబరు 1వ తేదీనుండి ఫెడరల్ కోర్టులలో ఒక పట్టిక అమలులోనికి వచ్చెను. ఒక ప్రక్క నేర తీవ్రత 43 మెట్లు, మరియొక ప్రక్క పూర్వ నేరచరిత్ర 6 తరగతులు. మొత్తము 258 గడులు. న్యాయాధిపతి రెండు వరుసలను కలుపుకొని, ఆ గడిలో చెప్పబడిన మాసముల మేరకు శిక్ష వేయవలెను.

పట్టిక వలన ఒక మేలు జరిగినది. ఒకే నేరమునకు ఊరి కొక శిక్షయను మాట కొంత తగ్గినది. కాని గడిలో పట్టనిది చూడబడలేదు. శాసనములోనే అన్యాయము దూరినచో దానిని ఆపుటకు న్యాయాధిపతి చేతిలో ఏమియు మిగులలేదు. అచ్చట 1986లో చేసిన చట్టము ప్రకారము, కొకెయిన్ అను మత్తుపదార్థము ఒక రూపములో 500 గ్రాములున్నప్పుడు పడు ఐదేండ్ల కనీసశిక్ష, దానినే కాచి గడ్డకట్టించిన వేరొక రూపములో 5 గ్రాములకే పడెడిది. రెండవది ఎక్కువగా నల్లజాతివారి కేసులలో కనబడెడిది. ఈ నూరు రెట్ల భేదమును 2010లో పదునెనిమిది రెట్లకు తగ్గించిరి. 2005లో ఆ దేశపు సుప్రీంకోర్టు పట్టికను శాసనముగా గాక సలహాగా మాత్రమే గ్రహింపవలెనని తీర్పు చెప్పెను. పట్టిక నిలిచినది, దాని సంకెల విడిపోయినది.

మన దేశముననే మరియొక దృష్టాంతము కలదు. యావజ్జీవ శిక్ష ననుభవించుచు హత్య చేసినవానికి మరణశిక్షయే వేయవలెనని పాత భారత శిక్షాస్మృతి 303వ సెక్షను చెప్పెను. న్యాయాధిపతికి వేరు దారి లేదు. 1983లో సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టివేసెను. మనుష్యుని మాట వినకుండ, కారణమును చూడకుండ ప్రాణము తీయు నియమము రాజ్యాంగమునకు సమ్మతము కాదని నిర్ణయించెను.

మన దేశమునందలి మార్గము

ప్రాచీన రాజులు ఈ రెండు కొసల నడుమ దారి వెదకుచు వచ్చిరి. శాంతిపర్వమునందు ద్యుమత్సేన సత్యవంతుల సంవాదము కలదు. వధ్యులను తీసికొనిపోవుచుండగా కుమారుడైన సత్యవంతుడు తండ్రిని అడ్డగించి, ఒకని చంపుటవలన వాని తల్లి, తండ్రి, భార్య, బిడ్డలు కూడ చంపబడుదురు గదా యనెను. చెడ్డవాడును మారవచ్చును, వాని సంతానము మంచిదికావచ్చును అనెను. పూర్వము ధిక్కారమే చాలెడిది, నేడు కాలము మారినదని తండ్రి సమాధానము చెప్పెను. తండ్రి మూఢుడు కాడు, కుమారుడు అమాయకుడు కాడు. ఇద్దరి మాటలును వ్యాసభగవానుడు వినిపించెను. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు యామునాచార్యుని నోట చెప్పించిన రాజనీతిలోను, మరణదండన పడినవానికి మూడుమార్లు మొరపెట్టుకొను అవకాశ మీయవలెనను మాట కలదు. తప్పించుకొనినచో రాజ్యమునకు కీడు తేగలవాని విషయమున మాత్రము ఆలస్యము కూడదని ఆయన వెంటనే అపవాదమును చెప్పెను. పరిపాలించిన చేతితో వ్రాసిన గ్రంథమగుటచే దయయు జాగ్రత్తయు ఒకే చోట నిలిచినవి.

స్వతంత్ర భారతమున నియమము మెల్లమెల్లగా తిరిగినది. 1955 సవరణకు పూర్వము, హత్యకు మరణశిక్ష వేయనిచో ఏల వేయలేదో జడ్జి కారణము వ్రాయవలసి యుండెను. 1974 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడు దీనిని తలక్రిందులు చేసి, మరణశిక్ష వేయదలచినచో విశేష కారణములు వ్రాయవలెననెను. నేరము రుజువైన పిమ్మట శిక్ష విషయమున నేరస్థుని మాట వేరుగా వినవలెనని కూడ విధించెను. నేటి భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఈ రెండు నియమములు కలవు.

ఆ 1974లోనే ఆంధ్రప్రదేశ్ నుండి ఒక గ్రామీణ యువతి కేసు సుప్రీంకోర్టునకు పోయెను. ఆమె ఒక స్త్రీని, పసిబిడ్డను చంపినది. నేరము ఘోరము. దానిని ఎవరును కాదనలేదు. కాని ఆమె వయస్సు చిన్నది. మామగారు కొట్టి వెళ్ళగొట్టగా ఒక్క బిడ్డతో పుట్టినింట నుండెను. ఉరి భయముతో సంవత్సరముల తరబడి జైలులో గడపెను. న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ ఇవి యన్నియు లెక్కించి మరణశిక్షను యావజ్జీవముగా తగ్గించెను. మనువు చెప్పిన అనుబంధము, యాజ్ఞవల్క్యుడు చెప్పిన వయస్సు ఆ తీర్పులో వేరు పేర్లతో కనబడును.

1980లో బచన్ సింగ్ కేసున ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు మరణశిక్షను రాజ్యాంగబద్ధమని నిలిపిరి. ఐనను, వేరు శిక్ష ఏదియు చాలదని నిస్సందేహముగా తేలిన అత్యంత అరుదైన సందర్భములలోనే అది వేయవలెననిరి. నేరమునే గాక నేరస్థుని కూడ చూడవలెననిరి. న్యాయమూర్తి పి.ఎన్. భగవతి ఒక్కరు భిన్నాభిప్రాయము చెప్పిరి. కొలబద్ద లేనప్పుడు బ్రతుకు చావు జడ్జి స్వభావమును బట్టి నిర్ణయింపబడునని ఆయన భయము. ఆ భయము అకారణము కాదు. 2009లో సుప్రీంకోర్టు, 1996 నాటి తన తీర్పు ఒకటి నేరమును మాత్రమే చూచి నేరస్థుని చూడలేదనియు, దాని ననుసరించిన మరికొన్ని తీర్పులలోను అదే దోషము కలదనియు తానే ఒప్పుకొనెను. 2022లో ఒక తీర్పున, నేరస్థుని జీవితచరిత్ర, మనఃస్థితి, జైలులో అతని నడవడి మొదలగు వివరములను మొదటి కోర్టులోనే సేకరింపవలెనని మార్గము చూపెను.

మరణశిక్ష విషయమున ఇంత విచారణ జరిగినది. తక్కిన నేరముల విషయమున ఇంతటి శ్రద్ధ కనబడదు. మారణాయుధముతో తీవ్రముగా గాయపరచినవానికి చట్టము యావజ్జీవము వరకు శిక్షను చెప్పినది. పాత భారత శిక్షాస్మృతి కాలమున ఆ పై హద్దునకు లోబడి ఒకచోట కొన్ని మాసములు, ఒకచోట పది సంవత్సరములు పడెడివి. శిక్షావిధానమునకు మార్గసూత్రము లేర్పరుపవలెనని జస్టిస్ మళిమఠ్ కమిటీ 2003లో సిఫారసు చేసెను. మన దేశమున అట్టి సూత్రములు లేవని సుప్రీంకోర్టు 2008లో చెప్పుకొనవలసి వచ్చెను. న్యాయాధిపతుల వివేకము మీద నమ్మకము తగ్గినచోట శాసనసభ దానిని తీసివేసెను. స్త్రీలపై అత్యాచారమునకు 1983లో ఏడు సంవత్సరముల కనీసశిక్షను విధించి, విశేష కారణములున్నచో తగ్గించు అధికారమును కోర్టులకు ఇచ్చిరి. ఆ అధికారము తగని కారణములకు వినియోగింపబడుచున్నదని గ్రహించి 2013లో దానిని తొలగించిరి. వివేకమును తప్పుగా వాడినవారు వివేకమునే పోగొట్టుకొందురు.

సిద్ధాంతము

శాస్త్రములు చదివినవారికి ఉత్సర్గము, అపవాదము అను రెండు మాటలు సుపరిచితములు. ఉత్సర్గము సామాన్య విధి. అపవాదము విశేష సందర్భమున దానిని బాధించు విధి. అపవాదము కలదని ఉత్సర్గము చెడదు. ఉత్సర్గము కలదని అపవాదము నోరు మూసికొనదు. కాని అపవాదమును చెప్పువాడు అది ఏల అపవాదమో చూపవలెను. చూపలేనిచో ఉత్సర్గమే నిలుచును. ఈ న్యాయమును శిక్షావిధికి అన్వయించినచో వివాదము చాలవరకు తొలగును.

ఒక తెగకు చెందిన నేరమునకు సామాన్యముగా ఇంత శిక్షయని మార్గసూత్రము ఉండవలెను. అది ఉత్సర్గము. ఎదుట నిలిచిన మనుష్యునియందు విశేషము కనబడినచో న్యాయాధిపతి దానిని దాటవచ్చును. అది అపవాదము. దాటునప్పుడు కారణమును వ్రాయవలెను. ఆ కారణము మరియొకనికి కూడ వర్తించునదై యుండవలెను. ఇతనికి చిన్న బిడ్డలున్నారని శిక్షను తగ్గించినవాడు, రేపు చిన్న బిడ్డలున్న మరియొకడు వచ్చినప్పుడు ఆ మాటను మరువరాదు. మరచినచో మొదట చూపినది దయ కాదు, పక్షపాతము. కారణమును వ్రాసినప్పుడే పైకోర్టు దానిని చూడగలదు, ప్రజలు దానిని తూచగలరు. వైద్యుని ఉపమానమునకు కూడ సమాధాన మిదియే. వైద్యుడు మోతాదును మార్చును గాని, మోతాదును తానే సృష్టింపడు. శాస్త్రము చెప్పిన కొలత నుండియే బయలుదేరును.

కాకాసుర వృత్తాంతము

దయకును దండమునకును గల సంబంధమును శ్రీవైష్ణవాచార్యులు కాకాసుర వృత్తాంతము నాధారముగా విచారించి యున్నారు. సుందరకాండమున సీతాదేవి హనుమంతునకు చెప్పిన ఆనవాలు అది. చిత్రకూటమున కాకి రూపమున వచ్చి తనను బాధించిన అపరాధిపై శ్రీరాముడు దర్భను మంత్రించి విడిచెను. కాకి మూడు లోకములు తిరిగెను. తండ్రియైన ఇంద్రుడును రక్షింపలేదు. చివరకు శ్రీరాముని పాదముల కడనే పడెను. వధింపదగినవాడైనను శరణాగతుడని ప్రభువు రక్షింప దలచెను. కాని అస్త్రము వ్యర్థము కారాదు. అది కుడికన్నును మాత్రము హరించెను. ప్రాణము నిలిచెను.

ఇందు మూడు విషయములు కలవు. అస్త్రము అమోఘమనుట నియమము. ప్రభువు తన దయకొరకు తానే ఆ నియమమును అబద్ధము చేయలేదు. శరణాగతి కారణము. కారణము లేక తగ్గింపు జరుగలేదు. ఆ కారణము ఒక కాకికే పరిమితము కాదు. తరువాత సముద్రతీరమున విభీషణునకు అభయమిచ్చినదియు దానినిబట్టియే. మూడవది కొలత. ప్రాణమునకు మారుగా ఒక కన్ను. దండము పూర్తిగా మాయము కాలేదు, పూర్తిగా పడలేదు.

ఐనను ఇచ్చట జాగ్రత్తగా ఆలోచింపవలసిన భేద మొకటి కలదు. కాకికి రక్షణ దొరికిన నాడు బాధింపబడిన జానకి అచ్చటనే యుండెను. తల్లి సన్నిధియే దానిని కాపాడినదని ఆచార్యుల భావము. యుద్ధము ముగిసిన పిమ్మట రాక్షస స్త్రీలను చంపుదునని హనుమంతుడు అడిగినప్పుడు వద్దన్నదియు ఆమెయే. వారు పరుని ఆజ్ఞకు లోబడి చేసిరని కారణము చెప్పినది. తన బాధను తాను క్షమించుటకు ఆమెకు అధికారము కలదు. న్యాయాధిపతి పీఠమున కూర్చున్నవాడు బాధింపబడినవాడు కాడు. ఇతరుల కన్నీటిని క్షమించుటకు అతనికి సొంత హక్కు లేదు. నలుగురిని కోల్పోయిన కుటుంబము న్యాయస్థానపు వెనుక బల్లమీద కూర్చుండి యుండును. శిక్షను తగ్గించు న్యాయాధిపతి చెప్పు కారణము నేరస్థునకే గాక, ఆ కుటుంబమునకు కూడ వినిపింపవలెను. వారికి నచ్చవలెనని కాదు. వారిని మరువలేదని తెలియవలెను.

శుద్ధమైన క్షమకు మన రాజ్యాంగము వేరొక స్థానమును ఏర్పరచినది. 72వ అధికరణము రాష్ట్రపతికిని, 161వ అధికరణము గవర్నరునకును క్షమాధికార మిచ్చినవి. శాంతిపర్వమునందలి శంఖలిఖితుల కథలో ఈ భేదము సూక్ష్మముగా కనబడును. అన్న ఆశ్రమమున అడుగకుండ పండు తిన్న లిఖితుడు తానే సుద్యుమ్న మహారాజు కడకు పోయి దండము కోరెను. దండించు అధికారము కలవానికి క్షమించు అధికారమును కలదని రాజు చెప్పెను. లిఖితుడు ఒప్పుకొనక చేతులను కోల్పోయెను. పిమ్మట అన్న ఆజ్ఞచే బాహుదానదిలో స్నానము చేయగా చేతులు తిరిగి వచ్చెను. ముందే ఏల శుద్ధునిగా చేయలేదని తమ్ముడు అడుగగా, దండించు పని రాజుదే గాని తనది కాదని శంఖుడు చెప్పెను. ఎవరి పని వారిది. తపస్సు రాజదండమును ఆక్రమింపలేదు, రాజదండము తపస్సునకు అడ్డు రాలేదు.

గృహమునందలి న్యాయము

కోర్టుల విషయము మనకేల యని గృహస్థు అనుకొనరాదు. ప్రతి గృహమునందును ఒక న్యాయపీఠము కలదు. ఇద్దరు బిడ్డలు ఒకే తప్పు చేసిరి. ఒకడు ఏడ్చి కాళ్ళు పట్టుకొనెను, మరియొకడు మొండిగా నిలిచెను. మొదటివానికి మందలింపు, రెండవవానికి దెబ్బలు. పశ్చాత్తాపమును చూచియే తండ్రి భేదము చూపెనా, లేక ఏడ్చుట తెలిసినవాడు గెలిచెనా? పనిమనిషి చేత పగిలిన గిన్నెకు జీతములో కోత పడినది. ఇంటికోడలి చేత పగిలినదానికి మాట పడినది. ఇంటికొడుకు చేత పగిలినదానిని ఎవరును గమనింపలేదు. అక్కడ నియమ మేది? కారణ మేది? ఇంటిలో కారణము చెప్పకుండ శిక్షించుటకు అలవాటుపడినవాడు ఊరి పెద్దయైనను, ఉద్యోగియైనను, పీఠమెక్కినను ఆ అలవాటును వెంట తీసికొనిపోవును.

మొదట చెప్పిన ముగ్గురిలో ఉరితీయబడినవాడు నిర్దోషి కాడు. అతనికొరకు చింతించుట అతని చేత చంపబడినవారిని మరచుట కాదు. శిక్షించు చేయి ఒకే నేరమును రెండు త్రాసులలో తూచినదే యని మాత్రము చింత. దండమును పట్టినవాడు పెద్దవాడైనను చిన్నవాడైనను, నేరస్థుని ముఖమును చూచుటకు ముందు తన త్రాసును ఒకసారి చూచుకొనవలెను. కాకికి కన్ను తీసి ప్రాణము విడిచిన ఆ శ్రీరామచంద్రుడు, దండమును పట్టిన ప్రతివానికిని నియమమునందు స్థైర్యమును, వివేకమునందు దయను, ఆ రెంటికిని కారణము చెప్పగల ధైర్యమును ప్రసాదించుగాక.